పోషకాహార డిగ్రీకి నల్లగొండ నీళ్ళే తొలి పాఠం

వంటల చదువు కాదు – బావి, చేను, కంచం కలిపి చూసే శాస్త్రం
చేరే ముందు తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతులు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే జిల్లాలోని పల్లెల్లో ఏటా ఒకే చర్చ మొదలవుతుంది. బై.పి.సి. చదివిన అమ్మాయికి మెడిసిన్ సీటు రాకపోతే దారి ఏది? నర్సింగా, ఫార్మసీయా, బస్సు దొరికే దూరంలోని డిగ్రీ కాలేజీయా? ఇటీవలి కాలంలో ఈ వరుసలో మరొక పేరు కూడా వినవస్తున్నది. అది పోషకాహార శాస్త్రం. అయితే ఆ మాట చెవిన పడగానే ‘వంట నేర్చుకోవడానికి కాలేజీ దేనికి, ఇంట్లో తల్లి లేదా?’ అని నవ్వి ఊరుకునే పెద్దలే ఎక్కువ.

ఆ నవ్వుకు కొంత కారణం లేకపోలేదు. చాలాకాలం పాటు ఈ చదువు ‘హోంసైన్సు’ అనే పేరుతో సాగింది. కుట్లు, అల్లికలు, ఇల్లు సర్దుకోవడం, పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపం అనే అభిప్రాయం ఆ పేరును అంటిపెట్టుకుని ఉండిపోయింది. ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఆ నాలుగేళ్ళ డిగ్రీకి ‘కమ్యూనిటీ సైన్సు’ అని పేరు మారింది. హైదరాబాదు సైఫాబాదులోని కళాశాలలోను, గుంటూరు దగ్గర లాం లోని కళాశాలలోను ఈ డిగ్రీ చెబుతున్నారు. ఆహారం, పోషణ ఇందులో ఒక ప్రధాన భాగం. ఇది గాక, పోషణ, పథ్యాహారం పేరుతోనే విడిగా బి.ఎస్సీ. డిగ్రీలు కూడా ఉన్నాయి. పేరు ఏదైనా లోపల ఉండేది జీవరసాయనం, శరీర ధర్మశాస్త్రం, సూక్ష్మజీవులు, ఆహార రసాయనం, లెక్కలు. వంటగది కూడా ఉంటుంది గాని అందులో గరిటె కంటే తూకపు రాయికే పని ఎక్కువ.

ఆహారాన్ని ఒక్క పోషకంగానో ఒక్క మందుబిళ్ళగానో విడదీయక, మనిషి తాగే నీరు, పండించే నేల, వండే పద్ధతి, ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారన్నది – అన్నిటినీ కలిపి చూడడాన్ని సమగ్ర పోషణ అంటున్నారు. వినడానికి పెద్దమాటలా ఉన్నది. దీని అర్థం తెలుసుకోవడానికి నల్లగొండ జిల్లా వాసులు దూరం పోనవసరం లేదు. వారి మోకాళ్ళే ఆ పాఠం చెబుతాయి.

నీరు ఒక్కటే దోషి కాదు

మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల వారికి ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. పిల్లల పళ్ళు గోధుమరంగు చారలు తేలడం, నడివయసుకే నడుము వంగిపోవడం, మెడ తిప్పడానికి మనిషంతా తిరగవలసి రావడం అక్కడ తరాలుగా చూసిన సంగతులే. దక్షిణాదిన ఈ జబ్బు తొలిసారి 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుండి, వైద్య పత్రికలకెక్కింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకని చోట సైతం 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణం.

అంతవరకు ఇది ఇంజనీర్లు చూసుకోవలసిన నీళ్ళ సమస్య. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టింది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడం గురించి ఏ దేశంలో పుస్తకం రాసినా ఈ జిల్లా పేరు అందులో కనబడుతుంది. సంతోషించవలసిన కీర్తి మాత్రం కాదు.

అదే రోజుల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు జిల్లాలో మరొక వింత గమనించారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి. పాదాలు ఎడమెడంగా పోతున్నాయి. 1973లో ఈ సంగతి లండన్ నుండి వెలువడే ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురితమైనది. ఫ్లోరైడ్ పాతదే, ఈ వంకర కొత్తది. మరి మధ్యలో మారినదేమిటి?

అన్వేషణ బావి దగ్గర మొదలై కంచం దాకా, కంచం నుండి చేను దాకా నడిచింది. ఈ జిల్లా పేదల తిండి ఆనాడు ప్రధానంగా జొన్న. బియ్యం తినేవారి కంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతున్నదని 1977లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. అంతకు ముందే, 1974లో, మరొక సంగతి బయటపడింది. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం పాలు హెచ్చుగా ఉంటే ఒంట్లోని రాగి మూత్రంతో పాటు ఎక్కువగా పోతుంది. ఎముక గట్టిపడడానికి రాగి అవసరం. ఇక ఆ ఖనిజం గింజలోకి ఎలా చేరింది? నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తరువాత భూగర్భజలం పైకి వచ్చి, నేల స్వభావం మారి, పైరు పీల్చుకునే ఖనిజాల పాళ్ళు మారాయని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు.

కరువు తీర్చడానికి కట్టిన ఆనకట్ట, పేదవాడి కడుపు నింపిన జొన్నరొట్టె, తాతలనాటి బావి. విడివిడిగా చూస్తే దేనినీ తప్పు పట్టడానికి లేదు. మూడూ కలిసిన చోట పిల్లవాడి కాలు వంకరపోయింది. ఎముకను మాత్రమే చూసే వైద్యుడికి గాని, నీటిని మాత్రమే చూసే ఇంజనీరుకు గాని ఇది ఒంటరిగా అంతుపట్టే విషయం కాదు.

దీన్ని బట్టి జొన్న చెడ్డదని అనుకోరాదు. నీరు మంచిదైన చోట జొన్న మంచి తిండి. పాలు, ఆకుకూరల ద్వారా కాల్షియం తగినంత అందేవారిలో ఫ్లోరైడ్ చేసే హాని తగ్గుతుంది. అందుకే ఒకే బావి నీరు తాగిన రెండు ఇళ్ళలో, పాడి ఉన్న ఇంటికి, లేని ఇంటికి తేడా ఉండవచ్చు. మరొక సంగతి కూడా చెప్పుకోదగినది. రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు బడిపిల్లలకు ఇచ్చి చూడగా వారి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించారు. పచ్చిపులుసు లేని పూట లేని జిల్లాకు ఇది వినవలసిన కబురే. అయితే వంగిన ఎముకను చింతపండు సరిచేయదు. నీటి దోషాన్ని పులుసుతో కడిగేయవచ్చునని ఎవరైనా చెబితే నమ్మరాదు.

మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ తరువాత కృష్ణా నీరు పైపుల ద్వారా ఈ పల్లెలకు చేరింది. చిన్నపిల్లలకు అది వరమే. ఇప్పటికే వంగిపోయిన పెద్దవారి మాట వేరు. నల్లా నీరు తాగుతూ పప్పు మాత్రం బోరు నీటితో ఉడికించే ఇల్లు ఉన్నదా అన్న ప్రశ్న కూడా అడగవలసినదే. ఇలాంటి ప్రశ్న అడగడం నేర్పేదే ఈ చదువు.

‘నిన్న ఏం తిన్నవ్ అవ్వా?’

కమ్యూనిటీ సైన్సు డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థినులు పల్లెకు వెళ్ళి పనిచేయవలసి ఉంటుంది. ఊరివారిని పిలిచి నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయిస్తారు. చేదబావి, చెరువు, రేషను దుకాణం, అంగన్‌వాడీ, కల్లు దుకాణం ఎక్కడున్నాయో ఊరివారే చూపుతారు. ఏ వాడకు ఏ నీరు అందుతున్నదో ఆ ముగ్గులోనే బయటపడుతుంది.

తరువాత ఇల్లిల్లూ తిరిగి తిండి సర్వే చేస్తారు. ఇది కనిపించినంత సులువు కాదు. ‘నిన్న ఏం తిన్నవ్ అవ్వా?’ అని అడిగితే, ‘ఏముంటది బిడ్డా, ఉన్నదేదో తిన్న’ అన్న జవాబు వస్తుంది. అక్కడితో ఆగిపోతే ఆ కాగితం దండగ. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా వరుసగా అడగాలి. ఇంట్లో మొత్తం ఎన్ని గిద్దెల బియ్యం వండారు, ఎంతమంది తిన్నారు, కూర ఏ గిన్నెలో, ఎన్ని గరిటెలు, మిగిలినది ఎవరు తిన్నారు. చాయ్ ఎన్నిసార్లు తాగారన్నది కూడా అడగాలి. వండిన అన్నాన్ని పచ్చి బియ్యంగా లెక్కకట్టి, జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికతో పోల్చాలి. అందులో 528 రకాల తిండిపదార్థాల వివరాలున్నాయి.

లెక్క కట్టి చూస్తే గాని కొన్ని నిజాలు కనబడవు. ఒక ఇల్లాలు రోజుకు 400 గ్రాముల తెల్లబియ్యం అన్నం తింటున్నదనుకుందాం. కడుపు నిండుతుంది. దాని నుండి దాదాపు 32 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఇనుము మాత్రం 3 మిల్లీగ్రాములు కూడా రాదు. ఆమెకు రోజుకు కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు. అదే బరువు జొన్నలో సుమారు 16, సజ్జలో 25 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. గింజలోని ఇనుమంతా ఒంటికి పట్టదనేది నిజమే. నిమ్మకాయ, ఉసిరి వంటి పులుపు తోడైతే ఎక్కువ పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే తక్కువ పడుతుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం అని తేలింది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు. కలుపు తీస్తూ ఆయాసపడే స్త్రీని చూసి ‘బలం లేదు’ అంటారు గాని రక్తం లేదనుకోరు.

గంజి వార్చి పారబోయడం, బియ్యాన్ని తెల్లగా మర పట్టించడం గురించి కూడా విద్యార్థినులు చదువుతారు. జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే అలాంటి జబ్బుతో ముడిపడి ఉన్నది. మరపట్టిన బియ్యం మీదనే బతికేవారికి వచ్చే బెరిబెరి గురించి పరిశోధించడానికి 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెకారిసన్ అనే దొర ఒక చిన్న విభాగం నెలకొల్పారు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. జొన్న మీదనే ఆధారపడిన దక్కను పేదలకు వచ్చే పెల్లాగ్రా అనే చర్మవ్యాధిలో జొన్నలోని లూసిన్ పాత్ర ఉండవచ్చునని ఈ సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో ప్రకటించారు. ఏ గింజ మీద అయినా ఒక్కదాని మీదనే బతుకు వెళ్ళదీస్తే ప్రమాదమని దానివల్ల తెలిసింది.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చిన తరువాత తెలుగు పల్లెల కంచం క్రమంగా తెల్లబడింది. 2025 ఉగాది నాడు ఉమ్మడి జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే రేషనులో సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించారు. మనిషికి నెలకు 6 కిలోలు. ఆకలి తీరడం చిన్న విషయం కాదు. జొన్న గట్క తాగి రోజులు వెళ్ళదీసిన తరం ఆ బియ్యాన్ని ఎందుకు ఇష్టపడిందో పట్నం నుండి వచ్చి చిరుధాన్యాల గురించి ఉపన్యసించేవారు అర్థం చేసుకోవాలి. అయితే బియ్యం వచ్చి జొన్నను మాత్రమే పంపించలేదు. జొన్నచేలో పెరిగిన అనుములు, పెసలు, కందులు, గట్టున మొలిచిన గంగవాయిలి కూర కూడా దానితోనే వెళ్ళిపోయాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం 2,000 కేలరీల రోజుకు ధాన్యం 250 గ్రాములు చాలు. కూరలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు ఉండాలి. ధాన్యం కంటే కూర బరువు ఎక్కువ ఉన్న కంచం పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో కనిపిస్తుంది?

ఇంట్లో అందరి తరువాత ఎవరు తింటారన్నది ఏ పట్టికలోను ఉండదు. గుడ్డు కొడుక్కు, పలుచని చారు కోడలికి అయ్యే ఇంట్లో సగటు లెక్క కట్టి ఇంటిల్లిపాదికీ తిండి సరిపోతున్నదని రాస్తే అది అబద్ధమే అవుతుంది. ఈ సంగతి పట్నం పిల్ల కంటే పల్లె పిల్లకు త్వరగా తెలుస్తుంది. ఏ కూర ఏ నెలలో దొరుకుతుందో, కూలికి పోయే తల్లి పసిపిల్లకు ఎన్ని గంటలకు పాలిస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ చదువుకు అసలైన అర్హత అదే. మార్కుల జాబితాలో మాత్రం దానికి చోటు లేదు.

కోర్సులలో తేడాలు

ఇక్కడే తల్లిదండ్రులు జాగ్రత్త పడాలి. మూడేళ్ళ బి.ఎస్సీ.లో మూడు సబ్జెక్టులలో ఒకటిగా పోషకాహారం చదవడం వేరు, నాలుగేళ్ళ ప్రత్యేక డిగ్రీ చదవడం వేరు. ఇవి రెండూ గాక ‘హోలిస్టిక్ న్యూట్రిషన్’ అనే గంభీరమైన పేరుతో కొద్దివారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే ఫోను కోర్సులు ఉన్నాయి. వాటిలో తెలుసుకోదగిన సంగతులు ఉంటే ఉండవచ్చు గాని అవి డిగ్రీ కావు. వాటితో ఆసుపత్రి కొలువు రాదు. చక్కెర వ్యాధి మందు మానేసి ఫలానా రసం తాగమని చెప్పే వారి దగ్గర ఎంత పెద్ద సర్టిఫికెట్ ఉన్నా వారికి దూరంగా ఉండడమే మేలు. పోషకాహారం చదివినవారు డాక్టరు కాదు. మందు మార్చే అధికారం వారికి లేదు.

2021లో పార్లమెంటు వైద్య అనుబంధ వృత్తుల చట్టాన్ని ఆమోదించింది. డైటీషియన్లను, ప్రజారోగ్య పోషకాహార నిపుణులను ఆ చట్టం గుర్తించిన వృత్తులలో చేర్చారు. ఆరోగ్య నిపుణులుగా గుర్తింపుకు కనీసం 3,600 గంటల చదువు, శిక్షణ ఉన్న డిగ్రీ కావాలని చట్టం చెబుతున్నది. కాలేజీవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఈ డిగ్రీలో గంటలు ఎన్ని, ఆసుపత్రిలో శిక్షణ ఎంత?

రెండవ సంగతి మరింత ముఖ్యం. పెళ్ళయిన అమ్మాయిలు, కాలేజీకి వెళ్ళే వీలులేని వారు ఇదివరకు ఈ సబ్జెక్టును దూరవిద్య ద్వారా చదివేవారు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుండి ఆ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలోను, ఆన్‌లైన్‌లోను నడపరాదని ఆదేశించింది. ఆహార, పోషకాహార శాస్త్రం, పథ్యాహార కోర్సులు అందులో ఉన్నాయి. రోగి దగ్గర కూర్చోకుండా నేర్చుకునే విద్య కాదిది గనుక ఆ ఆదేశం సబబే. కాని ఇంటి గడప దాటలేని అమ్మాయికి ఒక తలుపు మూసుకుపోయిన మాట కూడా నిజం. కనుక ఎవరైనా ఏజెంటు వచ్చి ‘ఇంటి దగ్గరే డిగ్రీ’ అని డబ్బు అడిగితే ఇవ్వరాదు.

డిగ్రీతోనే పెద్దాసుపత్రిలో డైటీషియన్ అయిపోవచ్చుననుకోవడం కూడా పొరపాటు. దానికి సాధారణంగా పి.జి. చదువు, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ కావాలి. డిగ్రీ తరువాత సర్కారు కొలువు కోరేవారికి దారి అంగన్‌వాడీల వైపు ఉన్నది. అంగన్‌వాడీ సూపర్‌వైజరు ఉద్యోగాలకు హోంసైన్సు, ఆహార పోషణ డిగ్రీలు అర్హతగా పరిగణిస్తారు. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇటువంటి 181 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. లక్షలమంది నిరుద్యోగుల ముందు 181 అంటే ఎంతో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. హాస్టళ్ళు, ఆహార పరిశ్రమలు, స్వచ్ఛంద సంస్థలలో కూడా కొలువులుంటాయి గాని మొదట్లో జీతాలు ఆశించినంత ఉండవు. నర్సింగుతో పోల్చి చూసుకుని, అమ్మాయికి ఇష్టముంటేనే పంపడం మంచిది.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మొదటి ఏడాది కష్టమే. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మాంసకృత్తులను, పిండిపదార్థాలను కొత్త పేర్లతో మళ్ళీ నేర్చుకోవాలి. మొదటి సెమిస్టరులో తప్పి ఇంటికి వచ్చేస్తామని ఏడ్చే పిల్లలను తల్లిదండ్రులు కొద్దినెలలు ఓపికపట్టి చూడాలి. జీవరసాయనం ఒక్కటి గట్టెక్కితే తక్కినవి లొంగుతాయి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాల సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉన్నది. దానికి పల్లెలో చదివినట్లు స్కూలు సర్టిఫికెట్లు, తల్లిదండ్రుల పేరిట పొలం ఉన్నట్లు పాసుపుస్తకం చూపించవలసి ఉంటుంది. ఎంత పొలం, ఎన్నేళ్ళ చదువు అన్న వివరాలు ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఇస్తారు. పాసుపుస్తకం తాత పేరు మీదనే ఉండిపోయిన కుటుంబాలు ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా తహసీల్దారు కార్యాలయంలో ఇప్పుడే ఆ పని చూసుకోవాలి. కౌన్సెలింగు రోజున ఆ కాగితం లేక కోటా సీటు వదులుకోవలసి వస్తే తరువాత ఎవరూ చేయగలిగింది లేదు.